మెడలో గంట కట్టిన పరమాణువు

(జీవశాస్త్ర ప్రయోగశాలలో కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థుల శిక్షణలో, మొదటి రోజు చేసిన ప్రసంగం. మాట్లాడిన వరుసలోనే, అక్కడక్కడా కాస్త కుదించి రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళు ముందుకు రండి. ఈ బల్ల మీదున్న సీసం డబ్బా ఖాళీదే, భయపడకండి. (నవ్వులు)

లోపలికి వస్తూ తలుపు మీద, ఇక్కడ రేడియోధార్మిక పదార్థం ఉందని చెప్పే మూడు రెక్కల గుర్తు చూసే ఉంటారు. ఆ గుర్తు చూసినప్పుడు మనుషులు రెండు రకాలుగా ఉండడం నేను గమనించాను. కొందరికి టెన్షన్ పట్టుకుంటుంది. చేతులు వణికి, ఒలకాల్సిన అవసరం లేనిచోట ఒలకబోస్తారు. ఇంకొందరు "ఇంత చుక్క ఏం చేస్తుందిలే" అనుకుని అవే గ్లవ్స్‌తో ఫోన్ ఎత్తుతారు. నాకు ఇద్దరితోనూ ఇబ్బందే. నిజం చెప్పాలంటే రెండోవాళ్ళతో కాస్త ఎక్కువ.

భయస్తుల కోసం ముందు ఒక లెక్క. మన ఒంట్లో పొటాషియం ఉంటుంది కదా. అందులో పదివేల పరమాణువులకు ఒకటి చొప్పున పొటాషియం-40 ఉంటుంది. అది రేడియోధార్మికమైనది, అంటే దానంతటదే విచ్ఛిన్నమవుతూ కిరణాలు వదులుతుంది. 70 కిలోల మనిషి ఒంట్లో దీనివల్ల సెకనుకు 4 వేలకు పైగా పరమాణువులు విచ్ఛిన్నమవుతుంటాయి. కార్బన్-14 వల్ల ఇంకో 3 వేల పైచిలుకు. అంటే నేను ఈ వాక్యం పూర్తి చేసేలోపు మీ ప్రతి ఒక్కరిలోనూ కొన్ని పదివేల విచ్ఛిన్నాలు జరిగిపోయాయి. సెకనుకు ఒక విచ్ఛిన్నం జరిగితే దాన్ని ఒక బెకరెల్ అంటాం. పాత కొలత క్యూరీ, అంటే 3,700 కోట్ల బెకరెల్‌లు. మనం ప్రయోగాల్లో వాడేది మైక్రోక్యూరీలు, అంటే ఒక్కొక్కటి 37 వేల బెకరెల్‌లు. కాబట్టి సంఖ్య పెద్దదని గుండెలు బాదుకోనక్కర్లేదు. ఆ పదార్థం ఏమిటి, ఎక్కడుంది, దాని కిరణం ఎంత దూరం పోతుంది అన్నవే మనకు కావాలి.

ఇక కథలోకి వద్దాం.

1911లో జార్జ్ డి హెవెసీ అనే హంగేరియన్ యువకుడు మాంచెస్టర్‌లో భౌతిక శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ దగ్గర చేరాడు. రూథర్‌ఫర్డ్ అతనికి ఒక పని అప్పగించాడు. బోలెడంత సీసంలో రేడియం-డి అనే పదార్థం కలిసి ఉంది, దాన్ని వేరు చెయ్యమన్నాడు. హెవెసీ చెయ్యని ప్రయత్నం లేదు. ఏదీ పనిచెయ్యలేదు. పనిచెయ్యదు కూడా, ఎందుకంటే ఆ రేడియం-డి కూడా సీసమే. సీసపు ఐసోటోపు, అంటే అదే మూలకం, పరమాణువు బరువు మాత్రం వేరు. రసాయనికంగా రెండూ ఒకటే. ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

ఇంకొకరైతే ఆ ఓటమితో వేరే పని చూసుకునేవారు. హెవెసీ దాన్ని తిరగేశాడు. వేరు చెయ్యడం ఎవరి తరమూ కాదంటే, ఆ రేడియో సీసం ఎక్కడికి పోతే మామూలు సీసం కూడా అక్కడికే పోయినట్టు. మందలో ఒక్క ఆవు మెడలో గంట కడితే చాలు, మంద మొత్తం ఎటు వెళ్ళిందో చీకట్లో కూడా తెలుస్తుంది. 1913లో వియన్నాలో రసాయన శాస్త్రవేత్త పానెత్‌తో కలిసి ఆ పద్ధతిని మొదలుపెట్టాడు. 1923లో చిక్కుడు జాతి మొక్కల వేళ్ళను రేడియో సీసం కలిపిన ద్రావణంలో ముంచి, సీసం వేళ్ళ నుంచి కాండానికి, ఆకులకు ఎంత చేరిందో కొలిచాడు. జీవశాస్త్రంలో రేడియోధార్మిక జాడ పద్ధతికి అదే తొలి అడుగు.

హెవెసీ తనే చెప్పుకున్న ముచ్చట ఇంకొకటుంది. మాంచెస్టర్‌లో అతను ఉన్న భోజన వసతి ఇంట్లో, ప్లేట్లలో మిగిలిన మాంసాన్నే యజమానురాలు వేరే రూపంలో మళ్ళీ వడ్డిస్తోందని అతనికి అనుమానం. ఒకరోజు తన ప్లేటులో మిగిలినదానిలో చిటికెడు రేడియోధార్మిక పదార్థం వేశాడు. కొన్నాళ్ళకు రేడియోధార్మికతను పసిగట్టే విద్యుద్దర్శిని పట్టుకుని భోజనానికి కూర్చున్నాడు. పదార్థం తిరిగొచ్చింది. (నవ్వులు) నవ్వుకోవచ్చు, కానీ ఈరోజు మీలో ఎవరైనా ఆ పని చేస్తే సాయంత్రానికి ఇక్కడ ఉండరు.

1935లో కోపెన్‌హాగెన్‌లో అతను ఎలుకలకు ఫాస్ఫరస్-32, అంటే రేడియో భాస్వరం ఇచ్చాడు. ఎముకలంటే ఒకసారి కట్టిన గోడలాంటివని అప్పటిదాకా అనుకునేవారు. ఎముకల్లోని భాస్వరం నిత్యం బయటికి పోతూ, కొత్తది లోపలికి వస్తూ ఉంటుందని ఆ ప్రయోగం చూపించింది. 1943 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ అతనికి ఇచ్చింది ఈ జాడ పద్ధతికే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఈరోజంతటిలో మీరు ఒక్క సంగతే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి. శరీరానికి మామూలు భాస్వరానికీ, రేడియో భాస్వరానికీ తేడా తెలియదు. మామూలుదాన్ని ఎక్కడికి తీసుకెళ్తుందో దీన్నీ అక్కడికే తీసుకెళ్తుంది. గంట శబ్దం మనకు వినిపిస్తుంది గానీ కణానికి వినిపించదు. పద్ధతి పనిచేసేది అందుకే. పొరపాటున ఒంట్లోకి పోతే ప్రమాదం అయ్యేదీ అందుకే. అయోడిన్ అయితే థైరాయిడ్ గ్రంథికి పోతుంది. రేడియం కాల్షియంలా నటిస్తుంది కాబట్టి ఎముకలో కూర్చుంటుంది. థైమిడిన్ అంటే డీఎన్‌ఏ కట్టడానికి కావలసిన ముక్క, కాబట్టి ట్రిషియం, అంటే రేడియో హైడ్రోజన్, తగిలించిన థైమిడిన్ తిన్నగా డీఎన్‌ఏలోకే పోతుంది. ఏ ఐసోటోపు పట్ల ఎలాంటి జాగ్రత్త తీసుకోవాలో బట్టీ పట్టనక్కర్లేదు. అది ఒంట్లో ఎవరి బంధువో అడగండి, సగం సమాధానం వచ్చేస్తుంది.

ఇది చాలా ఖరీదుగా నేర్చుకున్న పాఠం. 1917 నుంచి అమెరికాలో గడియారాల ముళ్ళకు, అంకెలకు రేడియం కలిపిన మెరిసే రంగు వేసే కర్మాగారాల్లో ఆడపిల్లలు పనిచేసేవారు. కుంచె మొన సన్నగా ఉండడానికి పెదవులతో తడిపి తిప్పేవారు. అలాగే చెయ్యమని వాళ్ళకు నేర్పారు కూడా. రోజుకు ఎన్నోసార్లు, ప్రతిసారీ కాస్తంత రేడియం లోపలికి. ఏళ్ళు గడిచేసరికి దవడ ఎముకలు కుళ్ళిపోయాయి, రక్తహీనత వచ్చింది, ఎముకల కేన్సర్లు వచ్చాయి. ఒంట్లో ఎంత రేడియం దాటకూడదన్న తొలి హద్దును 1941లో మైక్రోగ్రాములో పదో వంతుగా పెట్టారంటే, దాని వెనకున్నది ఆ అమ్మాయిల శరీరాల మీద చేసిన కొలతలే. ప్రయోగశాలలో నోటితో పిపెట్ పీల్చకూడదు, నోట్లో పెన్ను పెట్టకూడదు అన్నప్పుడు మీకు చాదస్తంలా అనిపిస్తే ఆ కుంచెల్ని గుర్తుచేసుకోండి.

జీవశాస్త్రానికి అసలైన వరం కార్బన్-14. అంతకు ముందు ఉన్నది కార్బన్-11, దాని అర్ధాయువు 20 నిమిషాలు. అర్ధాయువు అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోవడానికి పట్టే కాలం. బర్కిలీలో మార్టిన్ కామెన్, సామ్ రూబెన్ అనే ఇద్దరు కిరణజన్య సంయోగక్రియను ఆ కార్బన్-11తోనే అర్థం చేసుకోవాలని చూశారు. కణాల వేగం పెంచే సైక్లోట్రాన్ యంత్రం నుంచి పదార్థం తీసి పరుగెత్తుకుంటూ వచ్చి, ఆకులకు ఇచ్చి, వేరు చేసి, కొలిచేలోపు గంట మోగడం ఆగిపోయేది. 1940 ఫిబ్రవరిలో కామెన్ రాత్రుళ్ళు మేలుకుని గ్రాఫైట్ మీద డ్యూటెరాన్లు, అంటే భార హైడ్రోజన్ కేంద్రకాలు కురిపించాడు. ఆఖరి రాత్రి పూర్తయ్యాక తెల్లవారుజామున వానలో ఇంటికి నడిచి వెళ్తుంటే, మాసిన గడ్డం, ఎర్రబడ్డ కళ్ళు చూసి ఎవరో నేరస్తుడనుకుని పోలీసులు ఆపారట. ఆ గ్రాఫైట్‌లోనే రూబెన్ కార్బన్-14ను పట్టుకున్నాడు. ఫిబ్రవరి 27న. అర్ధాయువు 5,730 సంవత్సరాలు. ఇక పరుగులు అక్కర్లేదు.

రూబెన్ ఏమయ్యాడో చాలామంది చెప్పరు. 1943 సెప్టెంబరులో యుద్ధ పరిశోధనలో భాగంగా ఫాస్జీన్ వాయువుతో పనిచేస్తుండగా గాజు ఆంపూల్ పగిలి, ఆ వాయువు పీల్చి, మర్నాడే చనిపోయాడు. 29 ఏళ్ళు. రేడియోధార్మిక పదార్థాల మధ్య ఏళ్ళ తరబడి తిరిగిన మనిషిని తీసుకెళ్ళింది ఒక మామూలు విషవాయువు. అందుకే ఐసోటోపు సీసా మీద దృష్టంతా పెట్టి పక్కనున్న ఫీనాల్ సీసా మూత సరిగ్గా పెట్టనివాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

వాళ్ళు మొదలుపెట్టినదాన్ని పూర్తి చేసింది అదే బర్కిలీలో మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషమ్. ఆకుపచ్చ నాచు కణాలకు కార్బన్-14 ఉన్న బొగ్గుపులుసు వాయువు ఇచ్చి, కొన్ని సెకన్లకే వేడి ఆల్కహాల్‌లోకి వదిలేవారు. కణం అక్కడికక్కడే ఆగిపోతుంది. తర్వాత కాగితం మీద పదార్థాల్ని విడదీసే క్రోమటోగ్రఫీ, దాని మీద ఎక్స్-రే ఫిల్మ్. ఎక్కడెక్కడ నల్లమచ్చ పడిందో అక్కడ ఆ రేడియో కర్బనం ఉన్నట్టు. ఒక నిమిషం ఆగి ఆపితే బోలెడు మచ్చలు. కొన్ని సెకన్లకే ఆపితే దాదాపు ఒకే మచ్చ, ఫాస్ఫోగ్లిసరిక్ ఆమ్లం. దారి మొదలయ్యేది అక్కడ. 1961లో నోబెల్ ఒక్క కాల్విన్‌కే ఇచ్చారు. బెన్సన్‌కు అన్యాయం జరిగిందనే నా అభిప్రాయం, కానీ అది వేరే రోజు మాట్లాడుకుందాం.

హెర్షీ, చేజ్‌ల ప్రయోగం మీరందరూ చదివే ఉంటారు, 1952. వైరస్ బాక్టీరియాలోకి పంపేది ప్రొటీన్‌నా, డీఎన్‌ఏనా? ప్రకృతి ఇక్కడ మనమీద దయ చూపింది. డీఎన్‌ఏలో భాస్వరం ఉంది, గంధకం లేదు. ఆ ప్రొటీన్‌లో గంధకం ఉంది, భాస్వరం లేదనే అనుకోవచ్చు. కాబట్టి రెండు వేర్వేరు గంటలు, డీఎన్‌ఏకు ఫాస్ఫరస్-32, ప్రొటీన్‌కు గంధకపు ఐసోటోపు సల్ఫర్-35. వైరస్‌లు అంటుకున్నాక వంటింటి బ్లెండర్‌లో తిప్పి బయటి తొడుగుల్ని రాలగొట్టారు. గంధకం ఎక్కువగా బయటే మిగిలింది, భాస్వరం ఎక్కువగా బాక్టీరియాతో ఉండిపోయింది. అంటే లోపలికి వెళ్ళింది డీఎన్‌ఏ. పరీక్షల్లో పిల్లలు చేసే తప్పు ఒకటి చెప్తాను. డీఎన్‌ఏ ఎలా రెట్టింపవుతుందో చూపిన మెసెల్సన్, స్టాల్‌ల ప్రయోగంలో నైట్రోజన్-15 రేడియోధార్మికమని రాస్తారు. కాదు. అది స్థిరమైనది, కాస్త బరువైనది, అంతే. వాళ్ళు విన్నది గంట చప్పుడు కాదు, తూకం చూశారు. ఐసోటోపులన్నీ రేడియోధార్మికం కావు.

రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్‌ల రేడియో ఇమ్యునోఅస్సే గురించి కూడా చాలా చెప్పొచ్చు గానీ టైమ్ లేదు. ఇన్సులిన్‌కు రేడియో అయోడిన్ తగిలించి, రక్తంలో అంతకు ముందు ఎవరూ కొలవలేనంత కొద్ది మొత్తాల్ని కొలిచారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళ ఒంట్లో దానికి విరుద్ధంగా యాంటీబాడీలు తయారవుతాయన్న వాళ్ళ తొలి వ్యాసాన్ని పత్రిక తిప్పి పంపింది. 1977లో నోబెల్ ఉపన్యాసంలో యాలో ఆ తిరస్కరణ ఉత్తరాన్ని కూడా చూపించింది. బెర్సన్ 1972లోనే చనిపోయాడు.

సరే, ఇప్పుడు మీ చేతుల్లోకి వచ్చే సీసాల సంగతి.

ఫాస్ఫరస్-32. అర్ధాయువు 14.3 రోజులు. దాని బీటా కణాలు, అంటే కేంద్రకం నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు, గట్టివి, గరిష్ఠ శక్తి 1.7 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. గాల్లో దాదాపు 6 మీటర్లు పోతాయి, కండలో 8 మిల్లీమీటర్ల దాకా దిగుతాయి. దీనికి అడ్డుగా ఏం పెడతారు? సీసం అన్నారెవరో. అందరూ మొదట అదే అంటారు. తప్పు. వేగంగా వచ్చే బీటా కణం సీసం లాంటి బరువైన పరమాణువుల దగ్గర హఠాత్తుగా వేగం తగ్గితే, పోయిన శక్తి ఎక్స్-కిరణంగా బయటికొస్తుంది. బ్రెమ్‌స్ట్రాలుంగ్ అంటారు, జర్మన్‌లో బ్రేకు పడినప్పుడు వచ్చే కిరణం అని. అంటే ఆపుదామని పెట్టిన గోడే కొత్త కిరణాల్ని పుట్టిస్తుంది. అందుకే తేలికైన పదార్థం కావాలి. ఒక సెంటీమీటరు మందం అక్రిలిక్ పలక చాలు, బీటా మొత్తం ఆగిపోతుంది. పదార్థం బాగా ఎక్కువుంటే అక్రిలిక్ లోపల, సీసం బయట. ఈ వరుస తారుమారు చెయ్యకండి.

పలక వెనక కూర్చున్నామని ధీమాగా పైనుంచి తొంగిచూస్తారు కొందరు. మూత తీసిన ట్యూబు పైనుంచి కణాలు తిన్నగా కంటికే వస్తాయి. ఒంటికి తగిలిన కిరణాల మోతాదును సీవర్ట్‌లలో కొలుస్తాం. కంటి కటకానికి ఏడాదికి 150 మిల్లీసీవర్ట్‌ల దాకా పర్వాలేదని ఒకప్పుడు అనేవారు. 2011లో అంతర్జాతీయ రేడియోధార్మిక రక్షణ సంఘం దాన్ని 20కి దించేసింది. కళ్ళజోడు పెట్టుకోండి, పలకకు పక్కనుంచో పైనుంచో చూడకండి.

ట్యూబును వేళ్ళతో పట్టుకోకండి. దూరం పెరిగితే తీవ్రత దూరపు వర్గం చొప్పున తగ్గుతుందని పదో తరగతిలో చదివారు. వేలికి ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని పట్టకారుతో పది సెంటీమీటర్లకు జరిపితే దాదాపు నూరో వంతు. పట్టకారు కన్నా చవకైన రక్షణ ఇంకోటి లేదు. చర్మం మీద చుక్క పడితే మాత్రం దూరం అన్న మాటే ఉండదు. ఒక మైక్రోక్యూరీ ఫాస్ఫరస్-32 చదరపు సెంటీమీటరు చర్మం మీద అలాగే ఉండిపోతే, ఏడాది మొత్తానికి చర్మానికి పెట్టిన 500 మిల్లీసీవర్ట్‌ల హద్దు కొన్ని గంటల్లోనే దాటిపోతుంది. అందుకే రెండు జతల గ్లవ్స్. అందుకే పైజతను మాటిమాటికీ మార్చడం. చర్మం మీద పడితే గోరువెచ్చని నీళ్ళు, సబ్బు, మెత్తగా. వేడినీళ్ళు వద్దు. బ్రష్‌తో గీకడం అసలే వద్దు, చర్మం గీసుకుపోతే బయటున్నది లోపలికి పోతుంది.

నా కథ ఒకటి చెప్తాను. పరిశోధన మొదలుపెట్టిన ఏడాది. రాత్రి పని ముగించి, కిరణాలు తగిలితే చప్పుడు చేసే గైగర్ కౌంటర్‌తో బల్ల చూసుకుంటున్నాను. కటకట. పక్క బల్ల దగ్గరికి వెళ్ళాను, కటకట. సింకు దగ్గర కటకట, గోడ దగ్గర కూడా కటకట. గదంతా పాడుచేసేశానని ఏడుపొచ్చేసింది. మా సీనియర్‌ని పిలిచాను. ఆయన వచ్చి, నా చేతిలోంచి కౌంటర్ తీసుకుని నాలుగడుగులు దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. నిశ్శబ్దం. బల్ల మీద పెట్టాడు. నిశ్శబ్దం. తర్వాత మెల్లగా నా వైపు తిప్పాడు. (నవ్వులు) కుడిచేతి కోటు మడత మీద పడింది చుక్క. గది శుభ్రంగానే ఉంది, నేనే మోగుతున్నాను. ఆరోజు నుంచి నేను బల్ల చూసేముందు నా చేతులు, మడతలు, పొట్ట దగ్గర కోటు, చెప్పుల అడుగు చూసుకుంటాను.

ఫాస్ఫరస్-32 ఒక విధంగా మంచిది. దాని గంట గట్టిగా మోగుతుంది. ఎక్కడున్నా దొరికిపోతుంది. నాకు భయం మోగని వాటితోనే.

సల్ఫర్-35, కార్బన్-14 బీటాలు బలహీనమైనవి. గాల్లో పాతిక సెంటీమీటర్లు దాటవు. అడ్డు పలక అక్కర్లేదు, ప్లాస్టిక్ ట్యూబే ఆపేస్తుంది. గైగర్ కౌంటర్‌కు లీలగా మాత్రమే వినిపిస్తాయి, అదీ ప్రోబ్‌ను చాలా దగ్గరగా పెడితే. నేను చూసిన ఒక ప్రయోగశాలలో ప్రోబ్ మురికి కాకుండా దాని మూతికి పల్చని ప్లాస్టిక్ పొర చుట్టారు. మంచి ఉద్దేశమే. కానీ సల్ఫర్-35 కణాల్లో చాలావాటిని ఆ పొరే ఆపేస్తుంది. వాళ్ళ రిజిస్టరు నెలల తరబడి "శుభ్రం, శుభ్రం, శుభ్రం". పొర తీసి చూస్తే పిపెట్లు, ఫ్రిజ్ పిడి, కుర్చీ చెయ్యి, అన్నీ పలికాయి. ఇంకో సంగతి, సల్ఫర్-35 తగిలించిన మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం సీసా మూత తీస్తే గంధకపు ఆవిరి కొంత గాల్లోకి వస్తుంది. ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే తెరవండి. ఇంక్యుబేటర్‌లో పెడితే పక్కన బొగ్గు ఫిల్టర్ పెట్టండి.

ఇక ట్రిషియం. దాని బీటా గరిష్ఠ శక్తి 18.6 వేల ఎలక్ట్రాన్ వోల్టులే. గాల్లో ఆరు మిల్లీమీటర్లు. చర్మం పైనుండే మృతకణాల పొరను కూడా దాటలేదు. గైగర్ కౌంటర్‌కు అసలు వినిపించదు. మీ జేబుకున్న, మోతాదు కొలిచే బ్యాడ్జ్‌కీ తెలియదు. కాబట్టి ట్రిషియం చోట గైగర్ తిప్పి "ఏమీ లేదు" అని రాసుకోవడమంటే, చెవిటివాడి ముందు శంఖం ఊది ఊరంతా నిశ్శబ్దంగా ఉందనడమే. దీనికి ఒకటే దారి. తడిపిన వడపోత కాగితంతో బల్ల మీద తుడిచి, బీటా కణం తగిలితే మెరిసే సింటిలేషన్ ద్రవంలో వేసి, ఆ మెరుపుల్ని కౌంటర్‌లో లెక్కించడం. విసుగు పనే. కానీ ఇంకో దారి లేదు. ట్రిషియం కలిసిన నీరు చర్మంలోంచి, గ్లవ్స్‌లోంచి కూడా లోపలికి పోగలదు. పోయిందంటే ఒంట్లో నీళ్ళన్నిటిలో కలిసిపోయి, దాదాపు పది రోజులకు సగం చొప్పున బయటికి పోతుంది. అలా జరిగితే నీళ్ళు ఎక్కువ తాగమని, మూత్రం పరీక్షకు ఇమ్మని చెప్తాం. అదే ట్రిషియం థైమిడిన్ రూపంలో ఉంటే? డీఎన్‌ఏలోకి పోయి కూర్చుంటుంది. ఇందాకటి ఆరు మిల్లీమీటర్లు గాల్లో లెక్క, కణజాలంలో ఆ ప్రయాణం కొన్ని మైక్రోమీటర్లే. అంటే శక్తంతా కేంద్రకంలోనో, దాని చుట్టుపక్కలో ఖర్చవుతుంది. బయటుంటే అందరికన్నా అమాయకం, లోపలుంటే అందరికన్నా గురి ఉన్నది.

అయోడిన్-125 వేరే జాతి. అర్ధాయువు 60 రోజుల లోపు. అది ఇచ్చేది తక్కువ శక్తి గామా, ఎక్స్-కిరణాలు. దీనికి మాత్రం సీసమే కావాలి, పల్చని రేకైనా చాలు. అసలు ప్రమాదం ఆవిరి. సోడియం అయోడైడ్ ద్రావణాన్ని గడ్డకట్టించినా, ఆమ్లం తగిలినా అయోడిన్ ఆవిరై గాల్లోకి లేస్తుంది. పీల్చితే థైరాయిడ్‌కే పోతుంది. కాబట్టి ఫ్రీజర్‌లో పెట్టొద్దు, ఆమ్లపు చెత్తలో కలపొద్దు, హుడ్ బయట మూత తియ్యొద్దు. ప్రొటీన్లకు అయోడిన్ తగిలించే పని చేసినవాళ్ళు మర్నాడు వచ్చి మెడ దగ్గర కొలత ఇచ్చి వెళ్ళాలి. ఎవరో అడిగే ముందే చెప్తున్నాను, పోయినవారం ఇచ్చాం కదా అంటే కుదరదు.

చెత్త గురించి రెండు ముక్కలు. పది అర్ధాయువులు ఆగితే వెయ్యోవంతు మిగులుతుంది, కచ్చితంగా 1,024లో ఒకటి. ఫాస్ఫరస్-32కి అది 143 రోజులు. కానీ వెయ్యోవంతు అంటే సున్నా కాదు. ఒక మిల్లీక్యూరీతో మొదలైతే ఇంకా ఒక మైక్రోక్యూరీ దాకా ఉంటుంది, కౌంటర్ బాగానే అరుస్తుంది. అందుకే క్యాలెండర్ చూసి కాదు, కొలిచి పారెయ్యాలి. పారేసేముందు డబ్బా మీది మూడు రెక్కల గుర్తు చెరిపెయ్యాలి. లేకపోతే చెత్త ఎత్తేవాళ్ళు హడలిపోతారు, న్యాయంగానే. కార్బన్-14 చెత్తను ఆగి తగ్గించే ఆశ పెట్టుకోకండి. దాని అర్ధాయువు ఎన్నేళ్ళో ఇందాక చెప్పాను.

తాళం గురించి కూడా. 1995లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ప్రాంగణంలో గర్భిణి అయిన ఒక పరిశోధకురాలి ఆహారంలోకి ఫాస్ఫరస్-32 చేరింది. వాటర్ కూలర్‌లోకీ చేరి మరో 26 మంది ఒంట్లోకి వెళ్ళింది. పొరపాటు కాదు, ఎవరో కావాలనే చేశారని విచారణ తేల్చింది. అందుకే ఐసోటోపు ఫ్రిజ్‌కు తాళం, ప్రతి మైక్రోలీటరుకూ రిజిస్టరులో లెక్క. మీమీద అనుమానంతో కాదు. లెక్క తేడా వచ్చిన రోజున అనుమానం మీమీదికి రాకుండా ఉండడానికి.

ప్రశ్నలుంటే అడగండి.

"మేడమ్, ఇప్పుడు ఫ్లోరోసెంట్ రంగులు ఉన్నాయి కదా, ఇంకా ఇవెందుకు?"

మంచి ప్రశ్న. చాలా చోట్ల నిజంగానే అక్కర్లేదు. జన్యుక్రమం చదవడం, బ్లాట్లు, ఒకప్పుడు వీటితోనే చేసేవాళ్ళం, ఇప్పుడు దాదాపు ఎవరూ చెయ్యరు. మీ పని రంగుతో అయిపోతే రంగుతోనే చెయ్యండి, ఐసోటోపు వాడడానికి నేను సంతకం పెట్టను. కానీ ఒకటి ఆలోచించండి. చిన్న మందు అణువు కాలేయంలో ఏమవుతుందో చూడాలి. దానికి ఫ్లోరోసెంట్ రంగు తగిలిస్తే ఆ తోక మందంత పెద్దది, ఒక్కోసారి మందుకన్నా పెద్దది. ఇక మీరు చూసేది తోక ప్రవర్తనని. కార్బన్-12 స్థానంలో కార్బన్-14 పెడితే అణువు ఆకారం మారదు. ఎంజైములు, రవాణా ప్రొటీన్లు, రిసెప్టర్లు మోసపోవు. ఫాస్ఫేట్ తగిలించే ఎంజైములైన కైనేజ్‌ల పరీక్షల్లో ఆ ఫాస్ఫేట్ ఎటు పోయిందో నేరుగా చూపించేదీ ఇదే.

"గర్భవతి అయితే పని మానేయాలా మేడమ్?"

మానేయాలని రూలు లేదమ్మా. తెలిసిన వెంటనే భద్రతాధికారికి రాసి ఇవ్వాలి. చెప్పిన రోజు నుంచి కడుపులో బిడ్డకు మిగిలిన నెలలన్నిటికీ కలిపి ఒక మిల్లీసీవర్ట్ దాటకూడదని అంతర్జాతీయ సంఘం సిఫారసు. మామూలు జనానికి ఏడాదికి పెట్టిన హద్దూ అదే. పనిచేసేవాళ్ళకు అయిదేళ్ళ సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 50 దాటకూడదు. ప్రకృతి నుంచి ప్రపంచ సగటున మనిషికి ఏడాదికి వచ్చేది 2.4. వీటి మధ్య మీ పని ఎక్కడుందో కూర్చుని లెక్కేసుకుంటాం. అయోడిన్ పని అయితే వేరేవాళ్ళకు ఇస్తాం. గడువు, థీసిస్, గైడు ఏమంటారో అని దాచిపెట్టకండి. అలా దాచినవాళ్ళని చూశాను.

"తక్కువ మోతాదు వల్ల నిజంగా హాని ఉందా?"

మీరు ఇక్కడ అందుకునేలాంటి మోతాదుల్లో హానిని జనంలో నేరుగా కొలవడం చాలా కష్టం. మామూలుగా వచ్చే కేన్సర్ల సంఖ్యలో అది కలిసిపోతుంది. అందుకని జాగ్రత్త కోసం, మోతాదు ఎంత తగ్గితే ప్రమాదమూ అంతే తగ్గుతుందని, సున్నా మోతాదు దగ్గరే సున్నా అవుతుందని అనుకుని నియమాలు రాశారు. హద్దు లోపల ఉన్నాం కదా అని ఊరుకోకుండా, సులువుగా ఇంకా తగ్గించగలిగితే తగ్గించమనేది అందుకే. తగ్గించే దారుల్లో నాకు నచ్చింది ఒకటే. ముందు ఉత్తుత్తిగా చేసి చూడటం. ట్యూబు ఎక్కడ పెట్టాలి, చెత్త డబ్బా ఏ చేతి పక్కన ఉండాలి, మూత తీస్తే ఏం చిందుతుంది, ఇవన్నీ మొదటిసారి నిజమైన పదార్థంతో తెలుసుకోకూడదు.

కాబట్టి ఈరోజు ఎవరికీ ఐసోటోపు ఇవ్వను. పక్కగదిలో మీ పేర్లతో ట్యూబులు పెట్టాను, వాటిలో ఫ్లోరెసీన్ కలిపిన నీళ్ళు. కోట్లు, రెండు జతల గ్లవ్స్ వేసుకుని, కాగితంలో ఉన్న మొత్తం ప్రయోగం దాంతో చెయ్యండి. ఫోన్లు ఇక్కడే వదిలేయండి. గంటన్నర టైమ్. అయ్యాక ఎవరూ చేతులు కడుక్కోవద్దు, బల్ల తుడవద్దు. లైట్లు ఆర్పి అతినీలలోహిత దీపం వేస్తాను. ఎవరి కోటు మడత మెరుస్తుందో చూద్దాం. పదండి.